చౌక వెలుగులో వెలవెలబోతున్న రంగులు

విద్యుద్దీపాల విషయంలో భారతదేశం గడచిన దశాబ్దకాలంలో సాధించిన పరివర్తన సామాన్యమైనది కాదు. 2015 జనవరి 5న ప్రధానమంత్రి నరేంద్ర మోదీ ప్రారంభించిన ఉజాలా పథకం కింద 36 కోట్లకు పైగా ఎల్ఇడి బల్బులు ప్రజలకు చేరాయి. 2014 ఆరంభంలో ఒక్కో బల్బును 310 రూపాయలకు సేకరించిన ప్రభుత్వరంగ సంస్థ ఇఇఎస్ఎల్, 2016 నాటికి 38 రూపాయలకే కొనగలిగింది. 60 వాట్ల పాతకాలపు బల్బు ఇచ్చే వెలుతురును 7 నుంచి 9 వాట్లతో పొందగలగడం వల్ల వినియోగదారుని కరెంటు బిల్లు తగ్గింది, విద్యుత్ కేంద్రాల మీద భారమూ తగ్గింది. ఈ పంపిణీని ముందుగా చేపట్టిన రాష్ట్రాలలో ఆంధ్రప్రదేశ్ ఒకటి. ఇంతవరకు సంతోషమే.

అయితే దీపం పని కేవలం చీకటిని పోగొట్టడమేనా? వస్తువును ఉన్నది ఉన్నట్టు చూపించడం కూడా దాని ధర్మమే. ఎంత వెలుతురు వస్తుంది, ఎంత కరెంటు కాలుతుంది అనే రెండు ప్రశ్నలు మాత్రమే వేయడానికి అలవాటుపడిన మనం, ఆ వెలుతురులో ఎరుపు ఎరుపుగా, పసుపు పసుపుగా కనబడుతున్నదా అనే మూడో ప్రశ్నను విస్మరించాం. ప్రభుత్వమూ విస్మరించింది. ఈ విస్మరణ మూల్యం చీరల దుకాణం నుంచి ప్రాథమిక ఆరోగ్య కేంద్రం దాకా చెల్లించవలసి వస్తున్నది.

తెలుపులో తేడాలు

సూర్యకాంతిలో ఇంద్రధనుస్సులోని రంగులన్నీ ఎడతెగక ఉంటాయి. వేడెక్కిన తీగ నుంచి వెలువడే పాత బల్బు కాంతిలోనూ అవన్నీ ఉంటాయి. కాకపోతే ఎరుపు పాలు హెచ్చు, నీలం పాలు తక్కువ. ఎల్ఇడి సంగతి వేరు. ఇసాము అకసాకి, హిరోషి అమానో, షుజీ నకమురాలకు 2014లో భౌతికశాస్త్రంలో నోబెల్ బహుమతి తెచ్చిపెట్టిన నీలికాంతి ఎల్ఇడియే నేటి తెల్ల బల్బుకు మూలం. ఈ నీలికాంతి మీద పసుపు వన్నె ఫాస్ఫర్ పూత పూస్తారు. పూత కొంత నీలాన్ని పీల్చుకుని పసుపుగా మారుస్తుంది. మిగిలిన నీలమూ, పుట్టిన పసుపూ కలసి కంటికి తెలుపుగా తోస్తాయి. ఈ తెలుపులో ముదురు ఎరుపు పాలు స్వల్పం. దీపంలో లేని రంగును వస్తువు తిప్పి పంపలేదు. అందుకే చౌక బల్బు కింద కుంకుమ కళ తప్పుతుంది, టమోటా వన్నె తగ్గుతుంది, మనిషి ముఖం పాలిపోయినట్టు కనబడుతుంది.

ఈ గుణాన్ని కొలవడానికి అంతర్జాతీయ దీపన సంఘమైన సిఐఇ 1965లో ఒక పద్ధతిని రూపొందించి, 1974లో సవరించింది. దానినే వర్ణ ప్రదర్శన సూచిక, క్లుప్తంగా సిఆర్ఐ అంటారు. నిర్ణీతమైన 8 లేత రంగుల నమూనాలు ఒక దీపం కింద ఎలా కనబడుతున్నాయో, అదే వన్నె గల ఆదర్శ కాంతి కింద ఎలా కనబడాలో పోల్చి సగటు తీస్తారు. గరిష్ఠం 100. పాత తీగ బల్బుకు ఇంచుమించు 100 వస్తుంది. వీధులలో వెలిగిన పసుపుపచ్చ సోడియం దీపానికి 25 కూడా రావడం కష్టం. ఆ లెక్కన, 2014 అక్టోబరు నాటి హుద్‌హుద్ తుపాను తరువాత విశాఖపట్నంలో సుమారు 90 వేల వీధిదీపాలను ఎల్ఇడిలుగా మార్చడం రంగుల దృష్ట్యా కూడా ముందడుగే. ఎల్ఇడి స్వతహాగా దోషి కాదు. ఏ ఎల్ఇడి, ఎక్కడ అన్నదే ప్రశ్న.

సగటు చాటున ఎరుపు

ఈ సూచికలో ఒక లోపం ఉంది. సగటు తీసే 8 నమూనాలలో గాఢమైన ఎరుపు లేదు. దానిని ఆర్9 అనే పేరుతో విడిగా కొలుస్తారు కాని సగటులో కలపరు. అందువల్ల 80 మార్కులు తెచ్చుకున్న దీపం సైతం ఆర్9లో సున్నా దగ్గరే ఆగిపోవచ్చు, ఒక్కొక్కసారి రుణ సంఖ్యలోకీ జారవచ్చు. అన్ని పాఠాలలో నెగ్గుకొచ్చి ఒక్క పాఠంలో తప్పిన విద్యార్థిని మొత్తం మార్కులు చూసి ఉత్తీర్ణుడని ప్రకటించడం వంటిది ఇది. ఈ లోపాలను గుర్తించే అమెరికాలోని దీపన ఇంజనీర్ల సంఘం 2015లో 99 నమూనాలతో టిఎం-30 అనే కొత్త పద్ధతిని ప్రవేశపెట్టింది. సిఐఇ కూడా 2017లో అదే బాటలో ఒక కొత్త సూచికను ప్రచురించింది. మన మార్కెట్టులో పాత సూచిక అంకె కూడా కొనుగోలుదారు చెవిని పడటం లేదు.

దుకాణంలో వినబడేది 'వార్మ్ వైట్', 'కూల్ డేలైట్' అనే మాటలు మాత్రమే. 2,700 కెల్విన్లు అంటే పసుపు ఛాయ, 6,500 కెల్విన్లు అంటే నీలిఛాయ గల తెలుపు. ఇది దీపపు వన్నెను చెప్పే కొలతే గాని రంగుల యథార్థతను చెప్పేది కాదు. 'డేలైట్' అని ఉన్నది కదా అని అది పగటి వెలుగంత నిజాయితీ గలదని భ్రమపడటం పొరపాటు. పసుపు వన్నె దీపానికి 95 ఉండవచ్చు, పాలవంటి తెల్లని దీపానికి 70 మాత్రమే ఉండవచ్చు. మరొక సంగతి కూడా గమనార్హం. ఒకే వన్నె గల రెండు దీపాల సూచికలను పోల్చడమే సమంజసం. తీగ బల్బుకు 100 వచ్చిందంటే అది మధ్యాహ్నపు ఎండతో సమానమని అర్థం కాదు, తన వన్నెకు తగిన ఆదర్శాన్ని అది అందుకున్నదని మాత్రమే అర్థం.

కంటితో ధర కట్టే చోట

ఇదంతా ప్రయోగశాల చర్చ అని కొట్టిపారేయడానికి వీలులేదు. పట్టుచీర కొనేటప్పుడు దానిని గుమ్మం బయటికి తెచ్చి ఎండలో చూడటం మన ఆడపడుచులకు తరతరాల అలవాటు. చదువు లేని ముసలమ్మ సైతం పాటించిన శాస్త్రీయ పరీక్ష అది. వేర్వేరు అద్దకాలు వేసిన రెండు గుడ్డలు ఒక దీపం కింద ఒకే రంగుగా, మరొక దీపం కింద వేర్వేరుగా కనబడటం శాస్త్రజ్ఞులకు చిరపరిచితమైన విషయం. మ్యాచింగ్ సెంటరులో చక్కగా కలసిన జాకెట్టు గుడ్డ పెళ్ళి పందిరిలో కలవకపోవడానికి కారణం ఇదే. ధర్మవరంలోనో, గద్వాలలోనో రాత్రివేళ దీపం కింద అంచుకు, కొంగుకు నూలు రంగులు సరిచూసుకునే నేతగానికి ఇది అలంకార సమస్య కాదు. రంగు తేడా వచ్చిందని సరుకు తిరిగి వస్తే నష్టం అతనిదే. మిర్చిని, పసుపును కంటితో చూసి ధర కట్టే వ్యాపారంలోనూ అంతే. ఎరుపు పాలు లేని దీపం కింద మేలురకం మిర్చి కూడా నాసిరకంగా తోస్తుంది.

దీనికి విపర్యయం కూడా ఉంది. ఎరుపును అతిగా కలిపిన దీపాల కింద మాంసాన్ని, పండ్లను తాజాగా భ్రమింపజేయడం కొన్ని దేశాలలో పెద్ద వివాదమయింది. వ్యవసాయ ఆహారోత్పత్తుల సహజమైన రంగును స్పష్టంగా మార్చి చూపే దీపాలను వాడరాదని చైనా చేసిన నిబంధనలు 2023 డిసెంబరు 1 నుంచి అమలులోకి వచ్చాయి. దీపంతో కూడా తూకంలో మోసం వంటి మోసం చేయవచ్చునని ఒక ప్రభుత్వం అంగీకరించినట్టే కదా!

అన్నిటికన్నా ఆందోళన కలిగించవలసినది వైద్యరంగం. రక్తహీనతను కనిపెట్టడానికి కనురెప్ప లోపలి ఎరుపును, కామెర్లకు కంటి తెల్లగుడ్డును, పసికందు చర్మపు వన్నెను, ప్రాణవాయువు లోపానికి పెదవుల నీలాన్ని చూడటం మన గ్రామీణ వైద్యంలో మొదటి పరీక్ష. ఖరీదైన పరికరాలు లేని చోట వైద్యుని కన్నే పరికరం. ఎరుపును మింగివేసే దీపం కింద ఆరోగ్యవంతుడు పాలిపోయినట్టు కనబడవచ్చు, నిజమైన రోగి లక్షణం మరుగునా పడవచ్చు. ఐరోపా దీపన ప్రమాణం ఆసుపత్రి పరీక్షా గదులలో సూచిక 90కి తగ్గరాదని నిర్దేశిస్తున్నది. ఆస్ట్రేలియా, న్యూజిలాండ్‌లు పెదవుల నీలిమను గుర్తించడానికి దీపం ఎంతవరకు తోడ్పడుతుందో కొలిచే ప్రత్యేక సూచికనే తమ ఆసుపత్రుల ప్రమాణంలో చేర్చుకున్నాయి.

నక్షత్రాలు చెప్పని నిజం

ఇక మన విధానం సంగతి చూద్దాం. ఇంధన సామర్థ్య బ్యూరో ఎల్ఇడి బల్బులకు నక్షత్రాల ముద్రను 2018 జనవరి 1 నుంచి తప్పనిసరి చేసింది. నక్షత్రాల సంఖ్యను నిర్ణయించేది ఒక్క వాట్‌కు ఎన్ని ల్యూమెన్‌ల వెలుతురు వస్తుందన్న లెక్క. చిక్కంతా ఇక్కడే ఉంది. ల్యూమెన్ అనే కొలత మానవ నేత్రపు సున్నితత్వం మీద ఆధారపడినది. పగటివేళ మన కన్ను పసుపు కలిసిన ఆకుపచ్చను అధికంగా, ముదురు ఎరుపును అత్యల్పంగా గ్రహిస్తుంది. కనుక దీపంలో ఎరుపు పెంచితే ఖర్చయిన విద్యుత్తుకు తగినన్ని ల్యూమెన్‌లు లెక్కకు రావు. ఎరుపు తగ్గిస్తే నక్షత్రాలు సులభంగా వస్తాయి. అంటే, రంగులను పట్టించుకోకుండా సామర్థ్యానికి మాత్రమే బహుమతి ఇచ్చే విధానం, తెలిసో తెలియకో, రంగులను బలిపెట్టమని తయారీదారును ప్రోత్సహిస్తున్నది.

పైగా మార్కెట్టు పరిస్థితి ఏమంత ఆశాజనకంగా లేదు. హైదరాబాద్ సహా నాలుగు నగరాలలో దీపాల తయారీదారుల సంఘం ఎల్కోమా పక్షాన నీల్సన్ సంస్థ 2017లో జరిపిన సర్వేలో 76 శాతం ఎల్ఇడి బల్బు బ్రాండ్లు వినియోగదారుల భద్రతా ప్రమాణాలను పాటించడం లేదని తేలింది. భద్రతకే దిక్కులేని సరుకు రంగుల యథార్థతను పాటిస్తుందని ఆశించడం అత్యాశే.

మేలైన రంగులిచ్చే దీపానికి ధర కొంత హెచ్చు, అదే వాటేజీలో వెలుతురు కొంత తక్కువ అన్నది వాస్తవం. పేదవాని ఇంటికి మొదట కావలసినది వెలుతురు, రంగుల సొగసు కాదని వాదించేవారు ఉన్నారు. ఆ వాదనను తోసిపుచ్చనక్కరలేదు. గోదాముకు, మెట్లదారికి, వీధికి 90 సూచిక గల దీపం కావాలని ఎవరూ అడగడం లేదు. కాని ఎంపిక చేసుకునే హక్కు తెలిసినవారికే దక్కుతుంది. అట్టపెట్టె వెనుక చీమతలంత అక్షరాలలో ఉన్న అంకె, లేదా అసలే లేని అంకె, ఆ హక్కును కల్పించలేదు. ఐరోపా సమాజం 2021 సెప్టెంబరు నుంచి ఇళ్ళలో వాడే దీపాలకు 80 కనీస అర్హతగా విధించింది. కాలిఫోర్నియా రాష్ట్రం కొత్త ఇళ్ళలో మేలైన సామర్థ్యపు దీపంగా గుర్తించడానికి 90 ఉండాలంటున్నది. అక్కడ సామర్థ్యమూ నశించలేదు, పరిశ్రమా మూతపడలేదు.

చేయవలసినవి మూడు. నక్షత్రాల పక్కనే, అంతే పెద్ద అక్షరాలలో, వర్ణ సూచికను, ఆర్9 అంకెను ముద్రించడం తప్పనిసరి చేయాలి. ఆసుపత్రులకు, ఆరోగ్య ఉపకేంద్రాలకు, చేనేత సహకార సంఘాల షెడ్లకు ప్రభుత్వం కొనే దీపాలకు 90 కనీసంగా టెండరులోనే నిర్దేశించాలి. అందుకు అయ్యే అదనపు ఖర్చును మూకుమ్మడి కొనుగోలుతో తగ్గించుకోవాలి. 310 రూపాయల బల్బును 38 రూపాయలకు దించిన మార్గం మనకు కొత్తది కాదు. ప్రభుత్వం ఒకప్పుడు చౌకదనాన్ని కోరింది, పరిశ్రమ చౌకదనాన్ని ఇచ్చింది. ఇప్పుడు నాణ్యతను కోరితే నాణ్యతనూ ఇవ్వగలదు.

అంతవరకు వినియోగదారుడు తన జాగ్రత్తలో తాను ఉండక తప్పదు. పెట్టె మీద సిఆర్ఐ లేదా ఆర్ఎ అనే అంకె ఉన్నదేమో వెదకాలి. వంటింటికి, అద్దం ముందుకు, బట్టల బీరువా దగ్గరికి 90 లేదా ఆపైన ఉన్నదానిని అడగాలి. అంకె లేకపోతే దుకాణంలోనే బల్బు వెలిగించి తన అరచేతిని చూసుకోవాలి. అరచేతిలో నెత్తురు కళ కనబడని దీపం ఎన్ని నక్షత్రాలు మోసినా ఇంటికి తెచ్చుకోదగినది కాదు. కరెంటు పొదుపు చేయవలసినదే. కాని కంటికి నిజం చెప్పని దీపంతో చేసే పొదుపు, బిల్లులో మిగిల్చిన దానిని మరొక చోట రాబట్టుకుంటూనే ఉంటుంది.