సైటు ఎవరిది, మాట ఎవరిది?

(ఊరూ వాడా – 23)



మా వైపు 'సైటు' అంటే ఇంటి స్థలం. "గూడెంలో సైటు కొన్నాడంట" అంటే తాడేపల్లిగూడెంలో ఓ నాలుగు సెంట్లు కొన్నాడని. ఈ మధ్య పెంటపాడు చుట్టుపక్కల పేటల నుంచి డిగ్రీకి వచ్చే పిల్లల నోట ఈ మాట ఇంకో అర్థంలో వింటున్నాను. "నెట్‌లో మంచి పేరు కొని పెట్టుకుంటే రేపు కావలసినోడు లక్షలు పెట్టి కొంటాడంటండి. సెంటు భూమి మనం ఎలాగూ కొనలేం. వెయ్యి రూపాయలకి పేరైతే కొనగలం కదండి?" అని ఒక కుర్రాడు అడిగాడు. వాళ్ల తాత కౌలు రైతు కూడా కాదు, పాలేరు. మూడు తరాలుగా భూమి లేని ఇంటి నుంచి వచ్చిన ప్రశ్న ఇది. నవ్వి వదిలేయడానికి లేదు.

ముందు ఈ వ్యాపారం ఏమిటో చూద్దాం. వెబ్‌సైటు చిరునామాను డొమైన్ అంటారు. డాట్ కామ్‌లో ఒక పేరు ప్రపంచం మొత్తానికి ఒక్కటే. ముందు అడిగినవాడిదే పేరు. అదైనా శాశ్వతం కాదు. ఏటా సుమారు వెయ్యి రూపాయలు కడుతున్నంత కాలమే మనది. కొన్నాం అనుకుంటాం గానీ, నిజానికి అది కౌలు.

మరి ఏ పేరు పట్టాలి? జనం గూగుల్‌లో ఏ మాటలు వెతుకుతున్నారో చూడాలి. గూగుల్ వాడి కీవర్డ్ ప్లానర్‌లో ఒక మాటను నెలకు సుమారు ఎంతమంది వెతుకుతారో, ఆ మాట పక్కన ప్రకటన వేసుకోవడానికి క్లిక్కుకు ఎంత ఇస్తారో కనిపిస్తుంది. ఇన్సూరెన్సు, లోన్లు, ప్లాట్లు, లాయర్లు: డబ్బు తిరిగే చోట మాటకు ధర. పేరు పొట్టిగా ఉండాలి. ఫోన్లో ఒకసారి చెబితే స్పెల్లింగ్ అడక్కుండా రాసుకోగలగాలి. ఊరి పేరు పక్కన సరుకు పేరు చేర్చడం ఇంకో దారి. భీమవరం రొయ్యలు, ఆత్రేయపురం పూతరేకులు లాంటివి. కంపెనీల పేర్ల జోలికి మాత్రం వెళ్లకూడదు. అది వ్యాపారం కాదు, కబ్జా. కేసు పడుతుంది.

పిల్లలకు వీడియోల్లో చూపించేది 2019లో 'వాయిస్' అనే ఒక్క మాట డాట్ కామ్ పేరు 3 కోట్ల డాలర్లకు అమ్ముడుపోయిన కథ. అంత దూరం ఎందుకు, మన తెలుగువాళ్ల కథే ఉంది. 1999 నవంబరులో సత్యం ఇన్ఫోవే, రాజేశ్ జైన్ నడిపిన ఇండియావరల్డ్‌ను 499 కోట్ల రూపాయలకు కొన్నది. అందులో ఉన్న సైట్ల పేర్లు చూడండి: సమాచార్, ఖేల్, ఖోజ్, బావర్చీ. వార్త, ఆట, వెతుకులాట, వంటవాడు. ఒక్కటీ కొత్తగా పుట్టించిన మాట కాదు. బజారులో, వంటింట్లో జనం వందల ఏళ్లుగా అంటున్న మాటలు. ఆ 499 కోట్లూ పేర్లకే ఇచ్చారని నేను అనను. వాటి వెనక నాలుగైదేళ్ల పని ఉంది, పాఠకులు ఉన్నారు. కానీ అంత మామూలు మాటలు డాట్ కామ్ పక్కన ఖాళీగా దొరకడం ముందు వచ్చినవాడికే సాధ్యం.

ఆ ముందు రావడం అనేది ఎవరికి సాధ్యం? 1995లో కంప్యూటరు ఎవరింట్లో ఉంది? ఫోను ఎవరింట్లో ఉంది? డాలర్లలో కట్టగలిగే కార్డు ఎవరి జేబులో ఉంది? మా పేటలో అప్పటికి కరెంటు మీటరు లేని ఇళ్లే ఎక్కువ. 'ముందు వచ్చినవారికి ముందు' అనే నియమంలో కులం మాట ఎక్కడా ఉండదు. అయినా వరసలో ముందు ఎవరు నిలబడ్డారో చూస్తే కులం కనిపిస్తుంది. అగ్రహారాలు, జమీలు, చెరువు కింద పొలాలు పంచుకున్న తర్వాత మిగిలిన పోరంబోకు మన వంతు కాలేదా? ఇక్కడా అంతే. మంచి ఇంగ్లీషు మాటలన్నీ ఎప్పుడో పోయాయి. ఇప్పుడు వీడియోలవాళ్లు మన పిల్లలకు చూపిస్తున్నది చౌడు భూమి.

అదే సత్యం ఇన్ఫోవే ఇంకో చరిత్ర కూడా రాసింది. తన పేరులోని అక్షరాలు కలిపి 'సిఫీ' అని పెట్టుకుంది. ఇంకొకరు 'సిఫ్ఫీనెట్' అని పెట్టుకుంటే సుప్రీంకోర్టు దాకా వెళ్లింది. డొమైన్ పేరుకూ వ్యాపార నామానికి ఉన్నట్టే రక్షణ ఉంటుందని 2004 మే 6న కోర్టు తీర్పు చెప్పింది. కంపెనీ సొంతంగా కల్పించుకున్న మాటకు కోర్టు కాపలా ఉంది. జనం పుట్టించిన మాటకు ఎవరు కాపలా?

సత్యం రామలింగరాజు కుటుంబానిది గరగపర్రు. భీమవరం పక్కనే. 2009లో సత్యం కూలినప్పుడు ఆ ఊరు పేపర్లకెక్కింది. 2017లో మళ్లీ ఎక్కింది. ఈసారి కారణం వేరు. ఊళ్లో మిగతా నాయకుల విగ్రహాల సరసన అంబేద్కర్ విగ్రహం పెట్టుకుంటామన్నందుకు దళితులను వెలివేశారు. పనుల్లోకి పిలవలేదు. ఈ రెండు సంగతులకూ సంబంధం అంటగట్టడం నా ఉద్దేశం కాదు. ఒకే ఊరి పేరు మీద రెండు లెక్కలు చూపిస్తున్నాను. ఒక లెక్కలో నాలుగు మామూలు మాటలున్న కంపెనీ 499 కోట్లకు చేతులు మారింది. ఇంకో లెక్కలో ఒక్క పేరుకు నాలుగు అడుగుల సైటు దొరకలేదు. పేరుకు స్థలం కావాలనడం మనకు కొత్త వ్యాపారం కాదు. అది మన పాత పోరాటం.

తెలుగు మాస్టారుగా ఒక మాట చెప్పాలి. మా ఊరి పేరు వింటే పైఊళ్లవాళ్లు ముసిముసిగా నవ్వుతారు. పెంట అంటే చెత్త అనుకుంటారు. నల్లమలలో చెంచుల ఆవాసాలను పెంటలనే అంటారని వాళ్లకు తెలియదు. బిడ్డలు పుట్టి పోతున్న ఇళ్లలో, ఈ బిడ్డనైనా మృత్యువు వదిలేస్తుందని పెంట మీద పెట్టి, తీసుకుని పెంటయ్య అనీ పెంటమ్మ అనీ పేరు పెట్టుకున్న తల్లుల సంగతీ తెలియదు. ఇప్పుడు ఇదే మాటను ఇంగ్లీషు అక్షరాల్లో రాయండి. గ్రీకులో 'అయిదు' అవుతుంది. కంపెనీలు ముచ్చటపడి పెట్టుకునే పేరు అవుతుంది. అవే అయిదక్షరాలు. ఒక చోట నవ్వు, ఒక చోట ధర. మాటకు విలువ మాటలో లేదు. ఎవరి నోట పలుకుతోంది అన్నదాంట్లో ఉంది.

తెలుగు మాటలు పట్టుకుందాం సార్ అంటారు కొందరు. పట్టుకోవచ్చు. తెలుగు లిపిలోనే డాట్ భారత్ చిరునామాలు తీసుకునే వీలుంది. కానీ మనవాళ్లు తెలుగు మాటను కూడా ఇంగ్లీషు అక్షరాల్లోనే టైపు చేస్తారు. 'పెళ్లి'ని ఒక ఎల్‌తో రాసేవారున్నారు, రెండు ఎల్‌లతో రాసేవారున్నారు, చివర వై పెట్టేవారున్నారు. ఒక్క మాటకు ఆరు స్పెల్లింగులుంటే ఏది కొంటావు? పైగా పేరులో కీవర్డు ఉన్నంత మాత్రాన పైన చూపించే పద్ధతిని గూగుల్ 2012 సెప్టెంబరులోనే బిగించింది. సరుకు లేని సైటుకు పేరు ఒక్కటే కూడు పెట్టదు.

కాబట్టి ఆ కుర్రాడికి నేను చెప్పింది ఇది. చెయ్యి నాయనా, తప్పేమీ లేదు. ఒకటో రెండో కొను. అప్పు చేసి యాభై పేర్లు కొనకు. యాభై పేర్లంటే ఏటా యాభై వేలు శిస్తు. పంట వచ్చినా రాకపోయినా కట్టాలి. కోర్సు పేరుతో పదివేలు అడిగేవాడు పేర్లు అమ్మి కాదు, నీకు ఆశ అమ్మి బతుకుతున్నాడు. నీకు తెలిసిన పనికి ఒక పేరు కొను. మీ అన్న చేపల పట్టుబడి చేస్తాడు కదా, ఆ పనికి సైటు కట్టు. ఖాళీ స్థలం కంటే కట్టిన ఇంటికి విలువ.

ఇక మన సంఘాలకు చెప్పాల్సింది వేరే ఉంది. ఇదే అసలు విషయం.

నేను పీహెచ్‌డీ రోజుల్లో దళిత కవిత్వం కోసం రాసుకున్న చిరునామాల్లో కొన్ని ఇప్పుడు తెరిస్తే రమ్మీ, బెట్టింగ్ వస్తున్నాయి. ఏం జరిగింది? నడిపినవాళ్లు అలిసిపోయారు, గడువు దాటింది. డాట్ కామ్ పేరుకు గడువు తర్వాత కొన్ని వారాల వెసులుబాటు ఉంటుంది. ఆపైన జరిమానాతో విడిపించుకోవడానికి 30 రోజులు. ఆ తర్వాత 5 రోజులకు పేరు బజారున పడుతుంది. దాని కోసం కాచుకుని ఉండేవాళ్లు ఉంటారు. మన కవుల పేర్లు, వ్యాసాలు చూసి నలుగురు లింకులు ఇచ్చారు కాబట్టే ఆ పేరుకు గూగుల్ దగ్గర పరపతి. ఆ పరపతి మీద జూదం నడుస్తోంది. కారంచేడు గురించి చదవడానికి వెళ్లిన పిల్లవాడు పేకాట బల్ల దగ్గర తేలుతున్నాడు. మన చెమట ఇంకొకడి పంట కావడం ఇంతకంటే స్పష్టంగా ఎక్కడ కనిపిస్తుంది?

ఇంకో రకం కూడా ఉంది. సంఘం డబ్బు కడుతుంది, పేరు మాత్రం సైటు చేసిపెట్టిన కుర్రాడి ఖాతాలో ఉంటుంది. వాడు బెంగుళూరు వెళ్లిపోతాడు, పాస్‌వర్డు పోతుంది. కొల్లేరు లంకల్లో ఇది అందరికీ తెలిసిన కథే. పేదల సొసైటీ పేరు మీద చెరువు ఉంటుంది. పెట్టుబడి, చేప, లాభం ఇంకొకరివి. 2006లో ఆపరేషన్ కొల్లేరులో గట్లు కొట్టినప్పుడు పేదవాడికి పోయింది కూలి. కాగితం ఎవరి చేతిలో ఉందో వాడిదే చెరువు, వాడిదే సైటు.

అందుకని ప్రతి సంఘం, ప్రతి పత్రిక, ప్రతి కళాబృందం ఈ నెలలో మూడు పనులు చెయ్యండి. మీ పేరు, మీ ఉద్యమం పేరు, మీ పేట పేరు ఖాళీగా ఉందేమో చూసి తీసుకోండి. సంఘం మెయిల్ మీద తీసుకోండి, పాస్‌వర్డు ఇద్దరి దగ్గర ఉండాలి. డాట్ కామ్ అయితే ఒకేసారి పదేళ్ల దాకా కట్టొచ్చు, కట్టండి. పదివేలు అంటే ఒక జయంతికి పెట్టే ఫ్లెక్సీల ఖర్చు.

మాటలతో వ్యాపారం చేసుకునేవాళ్లను చేసుకోనివ్వండి. మన పిల్లలు చేసినా సంతోషమే. చుండూరు, కారంచేడు, గరగపర్రు మాత్రం కీవర్డులు కావు. వాటికి క్లిక్కుకు ఎంత అని ఎవరూ చెప్పలేరు. అవి అమ్మడానికి కాదు, కాపాడుకోవడానికి తీసుకోవాలి. మీ సంఘం సైటు గడువు ఎప్పుడో ఈ రాత్రే చూడండి.

జై భీమ్.