గాలిలోంచి జీతం తీసుకునే పొద

న్యూజెర్సీలో తెలిసినవాళ్లు ఒక్కరూ లేని తెలుగు ఇల్లు ఈ రోజుల్లో వెతుక్కోవాల్సిందే. అన్నయ్యో, వదినో, కాలేజీలో పక్క బెంచీవాడో... ఎవరో ఒకరుంటారు. ఎండాకాలం రాగానే వాళ్లంతా జెర్సీ షోర్‌కి వెళ్తారు. ఇన్‌స్టాలో ఫొటోలు పెడతారు. సముద్రం, కూలింగ్ గ్లాసులు, పులిహోర డబ్బా, వెనకాల ఇసుక దిబ్బ మీద గుబురుగా ఒక పొద. అందర్నీ ట్యాగ్ చేస్తారు, పొదని తప్ప. ఈ వారం ఆ పని మనం చేద్దాం.

ఆ తీరంలోని దిబ్బల మీద బాగా కనిపించే పొదల్లో ఒకటి బేబెర్రీ. కెనడాలోని న్యూఫౌండ్‌లాండ్ నుంచి కింద నార్త్ కరోలినా దాకా సముద్రం ఒడ్డున పెరుగుతుంది. ఆకు నలిపితే ఘాటైన మంచి వాసన. మిరియం గింజంత కాయలు కొమ్మలకి గుత్తులుగా అతుక్కుని ఉంటాయి, చలికాలంలో కూడా రాలవు. కాయ మీద బూడిద రంగులో మైనం పూత ఉంటుంది. ఉప్పుగాలి కొట్టినా, ఇసుక ఎగిరొచ్చి మీద పడినా దీనికి లెక్కలేదు.

దీనికి స్వీట్ గేల్ అని ఒక చుట్టం ఉంది. స్కాట్లాండ్, ఐర్లాండ్, స్వీడన్, నార్వే లాంటి చలి దేశాల్లో ఎప్పుడూ నీళ్లు నిలిచే నాచు నేలల్లో ఉంటుంది. అమెరికా ఉత్తరాదిలోనూ కనిపిస్తుంది. ఒకటి ఎండు ఇసుకలో, ఇంకోటి నల్లటి బురదలో. చూస్తే పొంతన లేదు. కానీ రెండు చోట్లా ఉన్న కష్టం ఒక్కటే: మట్టిలో తిండి లేదు.

ఖాతాలో కోట్లు, ఓటీపీ మాత్రం రాదు

మొక్కకి అన్నిటికంటే పెద్ద ఖర్చుల్లో ఒకటి నత్రజని, అంటే నైట్రోజన్. ఆకు పచ్చగా ఉండాలన్నా, ప్రొటీన్ తయారవ్వాలన్నా అది కావాలి. మన రైతులు యూరియా బస్తా కోసం లైన్లో నిలబడేది దానికోసమే.

తమాషా ఏంటంటే, మన చుట్టూ ఉన్న గాలిలో 78 శాతం నైట్రోజనే. కానీ రెండేసి నైట్రోజన్ పరమాణువులు మూడు బంధాలతో గట్టిగా ముడిపడి ఉంటాయి. ఆ ముడి విప్పే శక్తి మొక్కకి లేదు. బ్యాంకు ఖాతాలో కోట్లు కనిపిస్తుంటాయి, ఓటీపీ మాత్రం రాదు. అలా ఉంటుంది మొక్క పరిస్థితి. ఎరువుల ఫ్యాక్టరీలో మనుషులు ఆ ముడి విప్పాలంటే 400 డిగ్రీల వేడి, వాతావరణం కంటే వంద రెట్లకు పైగా ఒత్తిడి కావాలి.

ఆ ఓటీపీ కొన్ని బ్యాక్టీరియాల దగ్గరుంది. వేరుశనగ మొక్కని పీకినప్పుడు వేళ్లకి చిన్న చిన్న బుడిపెలు కనిపిస్తాయి కదా? వాటిలో ఉండేది రైజోబియం. మినుము, పెసర, కంది అన్నిటికీ అదే. స్కూల్ పుస్తకంలో చదివిందే. బేబెర్రీ కుటుంబానిది మాత్రం వేరే పార్ట్‌నర్, పేరు ఫ్రాంకియా. దారాల్లా సాగే బ్యాక్టీరియా ఇది. వేళ్లలో బుడిపెలు కట్టి అందులో కాపురం ఉంటుంది. గాలిలోని నైట్రోజన్‌ని మొక్క వాడుకునే రూపంలోకి మార్చి ఇస్తుంది. బదులుగా మొక్క ఎండలో తయారుచేసిన చక్కెరలు పంపిస్తుంది. ఈ పనికి శక్తి చాలా ఖర్చవుతుంది కాబట్టి మొక్కకి ఇది ఫ్రీ సర్వీస్ ఏమీ కాదు. నెలనెలా బిల్లు కడుతూనే ఉండాలి.

ఈ ఫ్రాంకియా పరిశోధకుల్ని ఎంత ఏడిపించిందో చెప్పాలి. దానికా పేరు పెట్టింది 1886లో. కానీ బుడిపెలోంచి బయటికి తీసి, ల్యాబ్‌లో విడిగా పెంచి చూపించడం 1978 దాకా కుదర్లేదు. తొంభై ఏళ్లకు పైగా పట్టింది! చివరికి అమెరికాలో ముగ్గురు శాస్త్రవేత్తలు దాన్ని సాధించారు. వాళ్లు వాడిన మొక్క స్వీట్‌ఫెర్న్. అది కూడా ఈ బేబెర్రీ కుటుంబానిదే.

బురదలో ఊపిరి

ఇప్పుడు స్వీట్ గేల్ సంగతి. నీళ్లు నిలిచిన నేలలో గాలి ఆడదు. చచ్చిన నాచు కుళ్లకుండా పొరలు పొరలుగా పేరుకుపోతుంది. దాన్నే పీట్ అంటారు. తిండంతా ఆ పొరల్లోనే ఇరుక్కుపోతుంది. అక్కడ కొన్ని మొక్కలు నైట్రోజన్ కోసం ఏకంగా పురుగుల్ని పట్టి తింటాయి. స్వీట్ గేల్ ఫ్రాంకియాని నమ్ముకుంది.

కానీ ఫ్రాంకియాకి పని చెయ్యడానికి ఊపిరాడాలి. బురదలో ఎలా? స్వీట్ గేల్ బుడిపెల నుంచి సన్నటి వేళ్లు కిందికి కాకుండా పైకి, గాలి వైపు పెరుగుతాయి. వాటి లోపలి ఖాళీల్లోంచి గాలి బుడిపెలోకి దిగుతుంది. కాకినాడ దగ్గర కోరంగి మడ అడవి చూసినవాళ్లకి వెంటనే అర్థమవుతుంది. అక్కడ బురదలోంచి పెన్సిళ్లు గుచ్చినట్టు వేళ్లు పైకి లేచి ఉంటాయి కదా, అదే ఐడియా. రెండు మొక్కలకీ చుట్టరికం లేదు, రెండూ ఉన్న చోటు మాత్రం ఊపిరాడని బురదే.

స్వీట్ గేల్‌లో ఇంకో వింత ఉంది. మామూలుగా ఒక పొద మగది, ఇంకో పొద ఆడది. కానీ కొన్ని పొదలు ఒక ఏడాది మగగా, మరో ఏడాది ఆడగా పూస్తాయి. పూతకి తేనెటీగలతో పని లేదు, పుప్పొడిని గాలే మోసుకెళ్తుంది. గింజకి రెండు పక్కలా రెక్కల్లాంటివి ఉంటాయి. అవి ఎగరడానికి కాదు, నీళ్ల మీద తేలడానికి. లైఫ్ జాకెట్ వేసుకుని ఊరు మారుతుందన్నమాట.

మనుషులకీ ఇది పాత పరిచయమే. హాప్స్ అనే తీగ పూలు వాడకంలోకి రాకముందు, ఉత్తర యూరప్‌లో బీరుకి రుచి కోసం వేసే ఆకుల్లో స్వీట్ గేల్ ముఖ్యమైనది. స్కాట్లాండ్ కొండల్లో మిడ్జ్ అనే చిన్న దోమలు గుంపులుగా వచ్చి కుడతాయి. వాటిని దూరం పెట్టడానికి అక్కడివాళ్లు ఈ కొమ్మల్ని వాడేవాళ్లు. మనం వేపాకు పొగ వేసినట్టు.

మైనం తినే పిట్ట

మళ్లీ అమెరికా తీరానికొద్దాం. కరెంటు లేని రోజుల్లో అక్కడ స్థిరపడిన యూరప్‌వాళ్లు పశువుల కొవ్వుతో కొవ్వొత్తులు చేసుకునేవాళ్లు. పొగ, కంపు. బేబెర్రీ కాయల్ని నీళ్లలో మరిగిస్తే మైనం పైకి తేలుతుంది. లేత ఆకుపచ్చ రంగు, మంచి వాసన, వేసవిలో కూడా త్వరగా మెత్తబడదు. అయితే బోలెడన్ని కాయలు మరిగిస్తే కాసింత మైనం వస్తుంది. అందుకే పోటీ ఎక్కువ. 1687లో లాంగ్ ఐలాండ్‌లోని బ్రూక్‌హేవెన్ అనే ఊరు ఏకంగా రూల్ పెట్టింది: సెప్టెంబర్ 15కి ముందు కాయలు కోస్తే జరిమానా!

ఆ మైనాన్ని తినే పిట్ట కూడా ఒకటుంది. ఎల్లో రంప్డ్ వార్బ్లర్. మన పిచ్చుక కంటే చిన్నది, నడుము మీద పసుపు మచ్చ. దాని తోటి వార్బ్లర్లు పురుగులు తింటాయి కాబట్టి, చలి మొదలవగానే చాలావరకు దక్షిణానికి ఎగిరిపోతాయి. ఇది మాత్రం బేబెర్రీ పొదలున్న చల్లటి తీరాల్లోనే చలికాలం గడిపేస్తుంది. మైనం అరిగించుకోవడం మామూలు పొట్టకి అయ్యే పని కాదు. 1992లో వచ్చిన ఒక పరిశోధన ఈ గుట్టు విప్పింది. ఈ పిట్ట పిత్తరసం చాలా చిక్కగా ఉంటుంది. తిన్నది పేగులోంచి మళ్లీ వెనక్కి పంపి ఇంకోసారి నలుపుతుంది. అలా మైనంలో 80 శాతానికి పైగా వంటబట్టించుకుంటుంది. తర్వాత ఎక్కడో రెట్ట వేస్తుంది, అక్కడ కొత్త పొద మొలుస్తుంది.

పొద ఆకులు రాలితే ఇసుకలో నైట్రోజన్ చేరుతుంది, వేరే మొక్కలకి చోటు దొరుకుతుంది. ఇసుక కదలడం తగ్గుతుంది. ఇంత చదివాక ఎవరికైనా ఏమనిపిస్తుంది? ‘ఇంత మంచి మొక్కని ప్రతిచోటా నాటేస్తే పోలా?’ అనే కదా.

కోడ్ అదే, సర్వర్ వేరు

నాటారు. హవాయిలో.

బేబెర్రీకి దగ్గరి చుట్టమే ఫైర్‌ట్రీ. శాస్త్రీయ నామం మోరెల్లా ఫాయా. సొంతూరు అట్లాంటిక్ సముద్రంలోని అజోర్స్, మదీరా, కానరీ దీవులు. అక్కడి అడవుల్లో అదొక మామూలు చెట్టు, దానివల్ల ఎవరికీ ఇబ్బంది లేదు. 1800ల చివర్లో హవాయి చెరకు తోటల్లో పనికొచ్చిన పోర్చుగీసు కూలీలు దాన్ని వెంట తెచ్చుకున్నారు. ఊరు వదిలి వెళ్లేవాళ్లు కరివేపాకు మొక్క పట్టుకెళ్లడం లాంటిదే, అందులో తప్పుబట్టేదేమీ లేదు. తర్వాత 1920లలో అడవులు పెంచాలని అధికారులే దాన్ని నాటించారు.

హవాయి నేల అగ్నిపర్వతాల బూడిద, లావా. అందులో నైట్రోజన్ చాలా తక్కువ. అక్కడి సొంత చెట్టు ఓహియా ఆ తక్కువలోనే నిదానంగా బతకడం నేర్చుకుంది. ఫైర్‌ట్రీకి ఫ్రాంకియా తోడుంది, ఇక ఆకలెక్కడ? 1961లో హవాయి అగ్నిపర్వతాల నేషనల్ పార్కులో మొదటిసారి కనిపించింది. 1980ల మధ్యకల్లా ఆ ఒక్క పార్కులోనే 12 వేల హెక్టార్లకు పాకిపోయింది. దాని కాయలు తిని గింజలు చల్లే పక్షుల్లో ముఖ్యమైనది వైట్ ఐ. అది కూడా జపాన్ నుంచి తెచ్చి వదిలిన పక్షే!

1987లో పీటర్ విటౌసెక్ బృందం ‘సైన్స్’ పత్రికలో లెక్కలు వేసి చూపించింది. అక్కడ సహజంగా మట్టికి చేరే నైట్రోజన్ ఏడాదికి హెక్టారుకి సుమారు 5.5 కిలోలు. ఫైర్‌ట్రీ ఒక్కటే చేర్చేది 18 కిలోలు. అంటే మొత్తం నాలుగు రెట్లు. మట్టి బలమైతే మంచిదేగా అనిపిస్తుంది. కానీ ఆ బలాన్ని వాడుకునేది ఓహియా కాదు, బయటినుంచి వచ్చిన కలుపు మొక్కలు. ఫైర్‌ట్రీని కొట్టేసినా మట్టిలో చేరిన నైట్రోజన్ అక్కడే ఉంటుంది. అన్‌డూ బటన్ లేదు.

మా ఫీల్డ్‌లో ఒక పాత జోకుంది. కస్టమర్ దగ్గర సాఫ్ట్‌వేర్ పడిపోతే డెవలపర్ అంటాడు: ‘నా మెషీన్‌లో బాగానే నడిచిందే!’ అజోర్స్‌లో బాగానే నడిచింది. ఒక్క లైను మారలేదు. చుట్టూ ఉన్నది మారింది, అంతే.

మన ఒడ్డున ఉన్న చుట్టం

ఇదంతా ఎక్కడో దీవుల గొడవ అనుకోకండి. ఈ కుటుంబం మన దేశంలోనూ ఉంది. ఉత్తరాఖండ్ ట్రెక్కింగ్‌కి మే నెలలో వెళ్లినవాళ్లు రోడ్డు పక్కన కాఫల్ అనే చిన్న ఎర్రటి పళ్లు, పైన ఉప్పు చల్లి అమ్మడం చూసే ఉంటారు. అదీ బేబెర్రీ చుట్టమే. మేఘాలయలో సోఫీ అంటారు. ఆయుర్వేదంలో కట్‌ఫలం అంటే ఇదే, దాని బెరడు మందుల్లోకి వెళ్తుంది. అడవిలో బెరడు చుట్టూ వలిచేస్తే చెట్టు చచ్చిపోతుంది. కాఫల్‌కి ఉన్న ప్రమాదాల్లో అదొకటి.

మన తీరంలోనే ఇంకో చుట్టం ఉంది. కాస్త దూరపుదే గానీ మీకు బాగా తెలుసు. సరుగుడు, కొన్ని ఊళ్లలో సర్వి అంటారు. శ్రీకాకుళం నుంచి నెల్లూరు దాకా ఇసుక నేలల్లో కనిపించే తోటలు. దాని వేళ్లలోనూ ఫ్రాంకియానే. ఏమీ లేని ఇసుకలో అంత ఏపుగా పెరగడానికి అదీ ఒక కారణం. ఈ చెట్టు కూడా బయటినుంచి వచ్చిందే. గుంజలకి, వంట చెరకుకి, కాగితం మిల్లుకి పనికొస్తుంది, తుపాను గాలిని కొంత ఆపుతుంది. వేల రైతు కుటుంబాలకి అదే ఆదాయం.

అదే సరుగుడు అమెరికాలోని ఫ్లోరిడాలో కలుపు చెట్ల జాబితాలో ఉంది. బీచ్ అంచుదాకా పెరిగి సముద్ర తాబేళ్లు గుడ్లు పెట్టే చోటుని కమ్మేస్తోందని. మన ఒడ్డుకి కూడా ఏటా చలికాలం చివర ఆలివ్ రిడ్లీ తాబేళ్లు వస్తాయి. వాటికి కావాల్సింది చెట్టు నీడ కాదు, వేళ్లు లేని ఖాళీ ఇసుక. పొలంలో వేసిన సరుగుడుతో పేచీ లేదు. నీటి అంచుదాకా వరసలు పెట్టేసే పచ్చదనంతోనే పేచీ.

అందుకే ఈసారి మీ ఆఫీసు సీఎస్సార్ టీమ్ ‘పది వేల మొక్కలు’ అని పోస్టర్ వేస్తే, లైక్ కొట్టేముందు కామెంట్లో మూడు ప్రశ్నలు అడగండి. ఇది ఏ మొక్క? దీని సొంతూరు ఏది? మనం నాటబోయే చోట ఇప్పటికే ఎవరు బతుకుతున్నారు? మొక్కల సంఖ్య ఎవరైనా చెప్తారు. ఈ మూడిటికి జవాబున్న చోటికి మాత్రం పార పట్టుకుని వెళ్లండి, ఫొటో కూడా దిగండి. ఈసారి మొక్కని ట్యాగ్ చెయ్యడం మర్చిపోకండి.