కార్డు బియ్యం అమ్ముకుంటే తప్పెవరిది?

గురజాల: నెల మొదటి వారం వచ్చిందంటే మా పల్లెల్లో బియ్యం రెండుసార్లు తూకానికెక్కుతాయి. పొద్దున చౌకధరల దుకాణంలో డీలరు తూచి పోస్తాడు. చీకటి పడే వేళకు మోటారు సైకిలు మీద గోతాలు, కాటా వేసుకొని ఇంకొకడు వస్తాడు. పొద్దున తూచిన బియ్యాన్నే వాడు మళ్లీ తూచుకొని, కిలోకు పది రూపాయలో పన్నెండో చేతిలో పెట్టి పోతాడు. మర్నాడు బడ్డీకొట్టు ముందు పిల్లల చేతుల్లో చిప్సు పొట్లాలు, రంగునీళ్ల సీసాలు కనిపిస్తాయి.

అది చూసి రచ్చబండ దగ్గర పెద్దలు మండిపడుతున్నారు. ‘‘సర్కారు ఊరికే ఇచ్చిన బియ్యం అమ్మి పిల్లలకు గడ్డీ గాదం కొనిపెడుతున్నారు. ఇట్టాంటోళ్ల కార్డులు పీకెయ్యాలబ్బాయ్, రాయి నీ పేపర్లో’’ అని ఒక పెద్దాయన మొన్న నన్నే పట్టుకున్నాడు. రాస్తున్నాను. అయితే ఆయన చెప్పమన్నట్టు కాదు.

ఆయన కోపంలో కొంత నిజం లేకపోలేదు. కిలో బియ్యం సేకరించి, మర ఆడించి, ఊరి దుకాణం దాకా చేర్చడానికి ప్రభుత్వానికి దాదాపు 40 రూపాయలు ఖర్చవుతోంది. అవే బియ్యం పది రూపాయలకు చేతులు మారి, మిల్లులో మెరుగు పెట్టించుకొని, వేరే సంచిలో బజారుకెక్కుతున్నాయి. ఆ మధ్య తేడా ఎవరు మింగుతున్నారో రచ్చబండ దగ్గర ఎవరూ అడగరు. లారీ దొరికిన రోజున 6ఎ కేసు రాస్తారు, డ్రైవరు పేరు పేపర్లో పడుతుంది. ఊళ్లో వాళ్ల కోపం మాత్రం అయిదు రూపాయల పొట్లం మీదనే.

నా సంగతీ చెప్పుకోవాలి. మా ఇంట్లోనూ ఈ బియ్యం అమ్మాం. వండితే ముద్దవుతున్నాయని, దోసెలకు కాసిని ఉంచుకొని మిగతావి మా ఆవిడ కాటా వాడికి పోసింది. నేను చూస్తూ ఊరుకున్నాను.

మా వీధి చివర ఒక పెద్దమ్మ ఉంది. ఒంటరి మనిషి. షుగరు ఉంది. అన్నం తగ్గించి జొన్నరొట్టె తినమని డాక్టరు చెప్పాడు. ఆమె కార్డు మీద వచ్చేది అయిదు కిలోల బియ్యం. జొన్నలు రావు. అందుకని ఆమె ఆ బియ్యం అమ్మి, వచ్చిన యాభయ్యో అరవయ్యో పెట్టి కిలో జొన్నలు కొనుక్కుంటోంది. అయిదు కిలోల తిండి ఇచ్చి కిలో తిండి తెచ్చుకుంటోందన్న మాట. చట్టం దృష్టిలో ఆమె కూడా బియ్యం అమ్ముకున్న మనిషే. పెద్దాయన కోరినట్టు కార్డులు పీకేస్తే ముందుగా పోయేది ఆమె రొట్టె.

జొన్న కూటికి పేరుపడ్డ సీమ మనది. ఇక్కడ జొన్నలు తప్ప మరేమీ దొరకవని శ్రీనాథుడు చాటువుల్లో వెక్కిరించిపోయాడని పెద్దలు ఇప్పటికీ చెప్పుకుంటారు. 1967లో సాగర్ కాలువలకు నీళ్లు వదిలారు. 1983లో కిలో రెండు రూపాయల బియ్యం వచ్చింది. కూలీనాలీ చేసుకునే ఇళ్లలో రోజూ వరి అన్నం ఉడికింది ఆ తర్వాతనే. ఆ బియ్యం ఎన్ని కడుపులు నింపాయో మా అమ్మ తరం వాళ్లకు తెలుసు. కానీ నలభై ఏళ్లు దాటినా కార్డు మీద తిండిగింజ అంటే బియ్యమే. 2021లో బండి పెట్టి ఇంటి ముందుకు తెచ్చారు. 2025 జూన్‌లో బండి తీసేసి మళ్లీ దుకాణానికే రమ్మన్నారు. బండిలోనూ అవే బియ్యం, దుకాణంలోనూ అవే బియ్యం.

ఆ బియ్యంలో ఇనుము, ఫోలిక్ ఆమ్లం, బి12 చేర్చిన గింజలను నూటికి ఒకటి చొప్పున కలుపుతూ వచ్చారు. రక్తం తక్కువగా ఉన్నవాళ్లకు మేలు చేస్తాయని. మా ఆడవాళ్లు వాటిని ప్లాస్టిక్ బియ్యమని చేటలో ఏరి పారబోస్తూ వచ్చారు. అవేమిటో వాళ్లకు విడమరచి చెప్పినవాళ్లు మా ఊళ్లో నాకు కనిపించలేదు.

సర్కారు సాయంతో పేదవాడు ఏం తినాలన్న తగాదా అమెరికాలోనూ ఉంది. అక్కడ బియ్యం ఇవ్వరు. కార్డులో డబ్బు వేస్తారు, కొట్లో నచ్చిన తిండి కొనుక్కోవచ్చు. ఆ కార్డు మీద కూల్‌డ్రింకులు ఇవ్వకూడదని నెబ్రాస్కా వంటి కొన్ని రాష్ట్రాలు 2026 జనవరి 1 నుంచి కట్టడి పెట్టాయి. మంచో చెడో, అక్కడ ఎంచుకునే వీలు ముందు ఇచ్చి తర్వాత కత్తిరిస్తున్నారు. మన పెద్దమ్మకు బియ్యం తీసుకోవడమో మానుకోవడమో తప్ప ఎంచుకోవడానికేముంది?

అలాగని బియ్యం మానేసి డబ్బు ఇవ్వమనడం లేదు. 2015లో పుదుచ్చేరిలో ఆ పని చేశారు. మన తెలుగువాళ్లుండే యానాం కూడా ఆ పాలన కిందిదే. చివరికి 2024లో అక్కడ రేషన్ దుకాణాలు మళ్లీ తెరవాల్సి వచ్చింది. మన పల్లెల్లో డబ్బు ఇస్తే అది పొయ్యి దాకా చేరుతుందన్న భరోసా నాకు లేదు. బ్యాంకులో పడిన నాడే కొన్ని ఇళ్లలో పాత బాకీకో, సారా సీసాకో పోవచ్చు. కొట్టువాడు బియ్యం ధర పెంచితే అడిగే దిక్కుండదు.

కావలసింది దుకాణంలోనే ఎంచుకునే వీలు. బియ్యం తినేవాళ్లకు బియ్యం, జొన్నలు కావాలన్నవాళ్లకు జొన్నలు, పిల్లలున్న ఇంటికి అదే విలువకు కందిపప్పు. ఇది గొంతెమ్మ కోరికేం కాదు. 2013 ఆహార భద్రత చట్టంలోనే బియ్యం 3 రూపాయలు, గోధుమలు 2 రూపాయలు, ముతక ధాన్యాలు 1 రూపాయి అని రాసి ఉంది. 2023 జనవరి నుంచి ఆ ధర కూడా తీసేసి ఉచితం చేశారు. అదే ఏడాది రాయలసీమలో బియ్యంలో కొంత తగ్గించి రాగులు ఇచ్చారు. కృష్ణ దాటితే హుజూర్‌నగర్. 2025 ఉగాదికి అక్కడ సన్నబియ్యం పంపిణీ మొదలుపెట్టారు. జనం తినేదేదో కనుక్కొని ఇస్తే కాటా వాడికి పని తగ్గుతుంది.

చిప్సు పొట్లాల మాటకొస్తే, వాటిని కార్డున్న ఇళ్ల పిల్లలే తినడం లేదు. పెద్దాయన మనవడి జేబులో కూడా మొన్న ఒకటి చూశాను. బడి గేటు పక్కనే దండల్లా వేలాడదీసిన ఆ పొట్లాలను కాస్త దూరం జరిపించడం పంచాయతీ చేతిలో పని.

ఈ నెల బియ్యానికి వెళ్లినప్పుడు పెద్దమ్మ డీలరును అడిగింది, ‘‘జొన్నలు ఎప్పుడొస్తాయయ్యా?’’ అని. ‘‘పైనుంచి వచ్చిందే నేను పోస్తాను పెద్దమ్మా, వేలు పెట్టు’’ అన్నాడతను. ఆమె మిషను మీద వేలు పెట్టి, బియ్యం పట్టించుకొని వచ్చేసింది.