ఎడారిలో ఫోన్ పనిచేయకపోతే? ఆస్ట్రేలియా రోడ్ ట్రిప్‌కు ముందు ఇంట్లో చెప్పాల్సిన మాట ఇదే!

బేగంపేట: ఆస్ట్రేలియాలో ఉన్న పిల్లల దగ్గరికి వెళ్లే హైదరాబాదీలు చాలామందే. పనిలో పనిగా అక్కడి ఎర్ర ఎడారిలో కారు ట్రిప్ వేయాలన్న సరదా కూడా ఉంటుంది. టికెట్లు, వీసా ట్రావెల్స్ వాళ్లు చూసుకుంటారు. మరి ఎడారి మధ్యలో బండి ఆగిపోతే ఎవరు చూసుకోవాలి?

ఆ ప్రశ్న ఎంత పెద్దదో 2024 ఆగస్టులో తెలిసింది. సౌదీలో టెలికాం కంపెనీలో పనిచేస్తున్న 27 ఏళ్ల కరీంనగర్ యువకుడు, సూడాన్‌కు చెందిన తోటి ఉద్యోగితో కలిసి రబ్ అల్ ఖాలీ ఎడారిలో దారి తప్పారు. జీపీఎస్ ఆగిపోయింది. ఫోన్ చార్జింగ్, బండిలో ఇంధనం, తాగే నీళ్లు.. అన్నీ అయిపోయాయి. నాలుగు రోజుల తర్వాత బండి పక్కనే ఇద్దరి మృతదేహాలు దొరికాయి.

వాళ్లు ఆ దేశానికి కొత్తవాళ్లు కాదు, అక్కడ ఉద్యోగం చేసేవాళ్లే. వాళ్లకే అలా జరిగితే, వారం రోజుల కోసం వెళ్లే టూరిస్టుల సంగతేంటి?

డిసెంబర్ ట్రిప్ అసలొద్దు

మనకు సంక్రాంతి చలి అంటే, అక్కడ నడి వేసవి. సింప్సన్ ఎడారి పార్కులను ఏటా డిసెంబర్ 1 నుంచి మార్చి 15 వరకు మూసేస్తారు. మిగతా నెలల్లో వెళ్లినా మౌంట్ డేర్ దాటితే బర్డ్స్‌విల్ వచ్చేదాకా పెట్రోల్ బంక్ ఉండదు. మధ్యలో వందల ఇసుక దిబ్బలు. మామూలు అద్దె కారుతో అయ్యే పని కాదు.

సిగ్నల్ లేకపోతే?

సెల్ టవర్‌తో పనిలేకుండా, నేరుగా శాటిలైట్‌కు ప్రమాద సంకేతం పంపే లొకేటర్ బీకన్లు ఉంటాయి. శాటిలైట్ ఫోన్ కావాలంటే అక్కడే అద్దెకు తీసుకోవడం మంచిది. అనుమతి లేకుండా మన దేశంలో దాన్ని దగ్గర పెట్టుకుంటే కేసే.

బండి ఆగిపోతే దాన్ని వదిలి నడవొద్దు. పైనుంచి వెతికేవాళ్లకు మనిషి కంటే బండే ముందు కనిపిస్తుంది. కాకపోతే, వెతకాలని ఎవరికో ఒకరికి తెలియాలి కదా!

అందుకే బయల్దేరే ముందు ఏ దారిలో వెళ్తున్నారో, ఏ ఊరికి ఎన్నింటికి చేరతారో కాగితం మీద రాసి ఇంట్లో ఇవ్వాలి. 'ఈ టైమ్‌కి ఫోన్ రాకపోతే పోలీసులకు చెప్పండి' అని గడువు పెట్టాలి. పైసా ఖర్చు లేని పని. ఎడారిలో ఒక్కో గంటా ప్రాణమే.