వాళ్లు పది ప్రశ్నలడిగారు, మేం ఒక్కటీ అడగలేదు

కొండాపూర్‌లో ఇల్లు వెతకడం కూడా ఒక ఇంటర్వ్యూనే. కాకపోతే మొదటి రౌండ్ తీసుకునేది వాచ్‌మన్. ఒకటే ప్రశ్న: "ఫ్యామిలీయా, బ్యాచిలర్సా?" మనం నోరు తెరిచేలోపే రిజల్ట్ వచ్చేస్తుంది.

ఆరు నెలల ఇంటర్న్‌షిప్ కోసం పోయిన జనవరిలో మేం నలుగురం అక్కడికి వెళ్లాం. కొత్తగూడ జంక్షన్ నుంచి రాఘవేంద్ర కాలనీ దాకా, అటు మసీదుబండ దాకా టు-లెట్ బోర్డులు చూసుకుంటూ మూడు ఆదివారాలు తిరిగాం. రెండో రౌండ్ ఓనర్లది. ఏ ఊరు, ఏ కంపెనీ, నాన్‌వెజ్ వండుతారా, ఫ్రెండ్స్ వస్తారా? ఒకావిడ మంచినీళ్లిచ్చి మరీ "మీరేమిట్లు బాబూ?" అంది. మాలో ఒకడు గ్లాసు కింద పెట్టి బయటికి నడిచాడు. ఆ ఇంటి అద్దె మాకు అందుబాటులోనే ఉంది. ఇప్పటికీ వాడు ఆ సంగతి ఎత్తడు.

చివరికి మూడో ఫ్లోర్‌లో, లిఫ్ట్ లేని రెండు గదుల పోర్షన్ దొరికింది. అద్దె 16,000, అడ్వాన్స్ 32,000. దొరికిందే చాలని తలూపేశాం. మెయింటెనెన్స్ 1,500 వేరే అని మొదటి నెల తెలిసింది. ఏప్రిల్‌లో బోరు ఎండిపోయాక, ట్యాంకర్ డబ్బులూ మావేనని తెలిసింది. ఖాళీ చేసే రోజున, పెయింటింగ్‌కి ఒక నెల అద్దె పట్టుకుంటారని తెలిసింది. "ఇక్కడంతా ఇంతే" అన్నారు ఓనర్. కాగితం ఏదీ లేదు కాబట్టి మా దగ్గర జవాబూ లేదు. నా వాటాలో పోయిన 4,000 మా అమ్మ చీటీ డబ్బు.

అద్దె ఎక్కువని నేను గొడవ పడటం లేదు. 1998లో సైబర్ టవర్స్ మొదలైనప్పటి నుంచి ఆ చుట్టుపక్కల ఆఫీసులు పెరుగుతూనే ఉన్నాయి, దగ్గరలో ఉన్న గదికి గిరాకీ ఉంటుంది. నా గొడవంతా నోటిమాట మీదే.

2021లో కేంద్రం ఆమోదించిన నమూనా అద్దె చట్టం, ఇంటి అడ్వాన్స్ రెండు నెలల అద్దె దాటకూడదని, ఒప్పందం రాతలో ఉండాలని చెబుతుంది. కానీ అది నమూనా మాత్రమే, రాష్ట్రాలు తమ చట్టంగా చేసుకుంటేనే అమలవుతుంది. మరి అగ్రిమెంట్లు 11 నెలలకే ఎందుకు రాస్తారో తెలుసా? ఏడాదికి మించిన లీజును రిజిస్టర్ చేయించాలని 1908 నాటి రిజిస్ట్రేషన్ చట్టం చెబుతుంది కాబట్టి. ఓనర్లు తమకు కావలసిన చట్టం తెలుసుకున్నారు. మనమే తెలుసుకోలేదు.

అందుకే జూన్‌లో జాబుల్లో చేరబోయేవాళ్లకు చెప్తున్నా. అడ్వాన్స్ ఇవ్వకముందే అడగండి: మెయింటెనెన్స్ ఎంత? ట్యాంకర్ ఖర్చు ఎవరిది? వెళ్లేటప్పుడు ఎంత కోస్తారు? ఎన్ని రోజుల ముందు చెప్పాలి? జవాబులు కాగితం మీద రాయించుకోండి. చేరిన రోజే గోడల ఫొటోలు తీసుకోండి. డబ్బు చేతికివ్వకుండా యూపీఐలో పంపండి.

ఇన్ని అడిగితే ఇల్లివ్వరంటారా? కొందరు ఇవ్వరు, నిజమే. ఓనర్లకూ భయాలుంటాయి, అద్దె ఎగ్గొట్టి పోయినవాళ్లను చూసుంటారు. అయితే ఆ కాగితం వాళ్లకీ రక్షణే కదా. ఒక్కడు అడిగితే పొగరంటారు. మన కాలేజీ నుంచి వెళ్లే ప్రతి ఒక్కరూ అడిగితే, కొన్నాళ్లకు అదీ "ఇక్కడంతా ఇంతే" అయిపోతుంది.