సౌండు చూసి మానిఫోల్డు కొనొద్దు

టమాటా సీజన్లో చింతామణి మార్కెట్టు గేటు దగ్గర ఓ అరగంట నిలబడితే చాలు.. చూడకుండానే ఏ లారీ ఆరోగ్యం ఎలా ఉందో చెప్పేయొచ్చు. లోడెక్కిన బండి యాక్సిలరేటరు తొక్కగానే ఇంజను పక్కనుంచి ‘టిక్ టిక్’మనో, ‘చుస్ చుస్’మనో చప్పుడు వస్తోందంటే చాలాసార్లు కారణం ఒక్కటే. కాలిన పొగ సైలెన్సరు దాకా పోకుండా మధ్యలోనే బయటపడుతోంది. ఆ మధ్యలో ఉండే సామానే ఎగ్జాస్ట్ మానిఫోల్డు. సిలిండర్లన్నిటి పొగను ఒక్కచోటికి చేర్చి టర్బోకు, అక్కణ్నుంచి సైలెన్సరుకు పంపే పోత ఇనుప గొట్టం అది.

ఇది పగిలితే లారీ ఓనరు ముందు మూడు దారులుంటాయి. వెల్డింగు పెట్టించడం ఒకటి. కంపెనీ కొలతలతో వచ్చే పోత మానిఫోల్డు వేయించడం రెండోది. ఇక మూడోది ఈమధ్య కుర్ర డ్రైవర్లకు, కొత్తగా బండి కొన్నవాళ్లకు మహా ముద్దొస్తున్న దారి. విడివిడి స్టీలు పైపులు వంచి చేసిన ‘హెడరు’ బిగించడం. ‘పికప్ పెరుగుతుంది, ఘాట్లో గేరు దించే పనుండదు, సౌండు అదిరిపోతుంది’ అని చెప్పేవాళ్లకు కొదవ లేదు. సామాను కూడా దూరం కాదు. చిక్కబళ్ళాపురం, బాగేపల్లి, చింతామణి.. ఎక్కణ్నుంచైనా పొద్దున్నే బయలుదేరితే మధ్యాహ్నానికి బెంగళూరు జేసీ రోడ్డు తిరిగి రావొచ్చు. ఆంధ్రా రూటు బండ్లవాళ్లు విజయవాడ ఆటోనగర్ నుంచి తెప్పించుకుంటారు.

ఉన్నమాట చెప్పుకుందాం. బాడుగకు తిరిగే డీజిల్ లారీకి పైపు హెడరు పనికిరాదు. కంపెనీ కొలతల పోత మానిఫోల్డే దానికి సరి. ఎందుకో చూద్దాం.

పిండి కొద్దీ రొట్టె

హెడరు చెడ్డ సామానేం కాదు. రేసు కార్లలో, టర్బో లేని పెట్రోలు ఇంజన్లలో దానికి పెద్దపీటే. ఒక్కో సిలిండరుకు ఒక్కో పైపు, అన్నీ ఒకే పొడవు. ఒక సిలిండరు పొగ వేగంగా పోతూ వెనకాల సిలిండరు పొగను లాక్కుపోతుంది. ఇంజను నిమిషానికి ఐదారు వేల చుట్లు తిరిగే చోట ఆ లాభం కనిపిస్తుంది. మన లారీ ఇంజను లోడుతో పనిచేసేది ఎక్కువగా 1,200 నుంచి 2,000 చుట్ల మధ్య. అక్కడ ఆ లాభం నామమాత్రం.

పైగా ఇప్పటి లారీలన్నిటికీ టర్బో ఉంది. టర్బో తిరిగేది పొగలోని వేడితో, ఒత్తిడితో. మానిఫోల్డు నుంచి పొగ ఎంత వేడిగా, ఎంత దగ్గరి దారిలో టర్బో చేరితే అంత మంచిది. అందుకే కంపెనీవాళ్లు దాన్ని పొట్టిగా, మందంగా పోత పోస్తారు. పొడవాటి పలచని పైపులు వేస్తే దారిలోనే వేడి పోతుంది. ఎత్తు ఎక్కేటప్పుడు టర్బో ఆలస్యంగా అందుకుంటుంది. గేరు దించనక్కర్లేదని వేసిన సామాను ఒక గేరు ముందే దించమంటుంది. కొండనాలుకకు మందేస్తే ఉన్న నాలుక ఊడటమంటే ఇదే.

ఆరు సిలిండర్ల ఇంజన్లలో ఇంకో సూక్ష్మం ఉంది. అవి పేలే వరస 1-5-3-6-2-4. ఈ వరసలో ముందు మూడింట్లో ఒకటి, వెనక మూడింట్లో ఒకటి మార్చి మార్చి పేలతాయి. చాలా ఇంజన్లలో ముందు మూడింటి పొగ ఒక దారిలో, వెనక మూడింటి పొగ ఇంకో దారిలో టర్బో దాకా విడిగా వెళ్తుంది. ఒకదాని దెబ్బ ఇంకోదానికి అడ్డం పడకుండా చేసిన ఏర్పాటు అది. ఇది తెలియకుండా అన్ని పైపులనూ ఒకే గొట్టంలో కలిపేస్తే ఇంజనీర్లు పడ్డ కష్టమంతా వెల్డింగు షాపులో పోయినట్టే.

మరి టర్బో లేని పాత 407 లాంటి బండ్ల సంగతి? వాటిలోనైనా పంపు పోసే డీజిల్ మారనప్పుడు కొత్త బలం ఎక్కణ్నుంచి వస్తుంది? పిండి కొద్దీ రొట్టె. పంపు తిప్పి డీజిల్ పెంచితే నల్లపొగ వస్తుంది. అందులోనూ మనది సముద్ర మట్టానికి దాదాపు 900 మీటర్ల ఎత్తున్న సీమ. ఇక్కడి గాలి చెన్నై గాలికంటే సుమారు 8 శాతం పలచన. గాలి తక్కువై డీజిల్ ఎక్కువైతే కాలేది కాలగా మిగిలేది మసే.

వేడికి సాగే ఇనుము

లోడు మీద లారీ పొగ వేడి 600 డిగ్రీలు దాటుతుంది. టీ కొట్టు దగ్గర ఆపితే గంటలో చల్లారుతుంది. మళ్లీ ఎక్కితే మళ్లీ వేడి. మీటరు పొడవున్న పోత ఇనుము 500 డిగ్రీల వేడి పెరిగితే ఐదారు మిల్లీమీటర్లు సాగుతుంది. అదే 304 రకం స్టెయిన్‌లెస్ స్టీలు ఎనిమిది, తొమ్మిది మిల్లీమీటర్లు సాగుతుంది. అంటే తుప్పు పట్టదని మురిసిపోయే స్టీలే వేడికి ఎక్కువ సాగుతుంది, చల్లారితే ఎక్కువ ముడుచుకుంటుంది. ఈ లాగులాటంతా పైపుల అతుకుల మీద పడుతుంది. దానికి తోడు టర్బో బరువు వేలాడుతుంటుంది. రోడ్డు గుంతల అదురు సరేసరి. అతుకు దగ్గర గీత పడక ఏం చేస్తుంది?

కంపెనీ మానిఫోల్డులో ఈ సాగుడుకు ఏర్పాటుంటుంది. బోల్టు రంధ్రాలు కాస్త వదులుగా ఉంటాయి. ఆరు సిలిండర్ల బండ్లలో చాలావాటికి రెండు మూడు ముక్కలుగా చేసి, ఒకదాంట్లో ఒకటి జారేలా పెడతారు. కంటికి మొరటుగా కనిపించే ఆ ఇనుప ముద్దలో అంత లెక్క ఉంది.

వెల్డింగు సంగతి కూడా చెప్పుకోవాలి. పోత ఇనుమును అతకాలంటే ముందుగా వేడి చేయాలి, నికెల్ రాడ్డు వాడాలి, మెల్లగా చల్లార్చాలి. ఆ తర్వాత బిగించే ముఖం వంకర పోయిందేమో చూసి మిషన్లో చదును చేయించాలి. రోడ్డు పక్క మామూలు రాడ్డుతో పెట్టిన అతుకు పక్కనే నెల తిరక్కుండా ఇంకో గీత పడుతుంది. దారిలో ఆగిపోయిన బండిని ఇల్లు చేర్చుకోవడానికి అది సరే. దాంతోనే సంవత్సరం నడుపుతానంటే కుదరదు.

నింద డ్రైవరు మీద

ఇంతవరకు ఇనుము సంగతి. ఇక మనిషి సంగతి.

టర్బో ముందే పొగ లీకైతే టర్బోకు ఒత్తిడి తగ్గుతుంది. ఇంజనుకు గాలి తగ్గుతుంది. అదే ఎత్తు ఎక్కడానికి డ్రైవరు ఇంకాస్త గట్టిగా తొక్కుతాడు. మైలేజీ పడిపోతుంది. చింతామణి నుంచి మదనపల్లె, పీలేరు మీదుగా భాకరాపేట ఘాటు దిగి తిరుపతి పోయొచ్చే బండైనా, బాగేపల్లి దాటి కొడికొండ చెక్‌పోస్టు మీదుగా హైదరాబాద్ పోయే బండైనా ట్రిప్పు తర్వాత జరిగేది లెక్కే. ఇన్ని కిలోమీటర్లు, ఇన్ని లీటర్లు. తేడా వస్తే ఓనరు మనసులో మొదట మెదిలే మాట ‘డీజిల్ తీశాడు’. బత్తాలో కోత పడుతుంది. మాటామాటా పెరుగుతుంది. పదేళ్లు నమ్మకంగా నడిపిన మనిషి బండి దిగిపోతాడు. కొత్త డ్రైవరు వస్తాడు. మైలేజీ మాత్రం రాదు. ఎందుకంటే దొంగ బానెట్టు కింద ఉన్నాడు.

2025 ఏప్రిల్‌లో కర్ణాటక డీజిల్‌పై అమ్మకం పన్నును 21.17 శాతానికి పెంచింది. లీటరు లీటరుకూ లెక్క చూసుకోవాల్సిన కాలంలో ఓనరు కోపం అర్థం చేసుకోదగ్గదే. కానీ డ్రైవరు మీద అనుమానపడే ముందు మానిఫోల్డు మీద అనుమానపడటానికి పట్టేది ఐదు నిమిషాలు. ఇంజను చల్లగా ఉన్నప్పుడు టార్చి వేసి చూస్తే గ్యాస్కెట్ అంచునో, గొట్టం మీదో నల్లటి మసి చార కనిపిస్తుంది. పొద్దున మొదటిసారి స్టార్టు చేసినప్పుడు టిక్ టిక్ ఎక్కువగా ఉండి, వేడెక్కాక తగ్గితే గ్యాస్కెట్ పోయినట్టు గుర్తు.

ఆరోగ్యం మాటా ఉంది. లీకైన పొగ క్యాబిన్లోకి చేరుతుంది. ప్రపంచ ఆరోగ్య సంస్థకు చెందిన క్యాన్సర్ పరిశోధన సంస్థ 2012లోనే డీజిల్ పొగను క్యాన్సర్ తెచ్చేవాటి మొదటి జాబితాలో చేర్చింది. 2025 అక్టోబరు 1 తర్వాత తయారైన పెద్ద లారీలకు ఏసీ క్యాబిన్ తప్పనిసరి చేశారు. మంచిదే. కానీ అద్దాలు ఎత్తి, ఇంజను ఆన్ చేసి నిద్రపోయే డ్రైవరుకు మానిఫోల్డు లీకు ఇంతకుముందుకంటే ఎక్కువ ప్రమాదం.

చట్టం ఏం చెబుతోంది?

కంపెనీ ఇచ్చిన వివరాలకు భిన్నంగా బండిని మార్చకూడదని మోటారు వాహనాల చట్టం 52వ సెక్షన్ చెబుతోంది. 2019 సవరణ తర్వాత, అనుమతి లేని మార్పు చేయించిన ఓనరుకు ఒక్కో మార్పుకు రూ.5 వేల జరిమానా, లేదా ఆరు నెలల దాకా జైలు, లేదా రెండూ పడొచ్చు. శబ్దం, పొగ నిబంధనలు మీరిన బండి నడిపితే రూ.10 వేల దాకా జరిమానా, మూడు నెలల దాకా జైలుతో పాటు మూడు నెలలు లైసెన్సుకు అనర్హత కూడా ఉంది. ఇక్కడ గమనించాల్సిందేమిటంటే సామాను ఎంచుకునేది ఓనరు. లైసెన్సు పోయేది డ్రైవరుది. మూడు నెలలు ఆ ఇంట్లో పొయ్యి ఎలా వెలగాలి?

కేఏ-40 బండి అనంతపురంలో దొరికినా, ఏపీ-39 బండి చిక్కబళ్ళాపురంలో దొరికినా చట్టం ఒక్కటే. పొల్యూషన్ సర్టిఫికెట్ దేశమంతా చెల్లుతుంది. పొగ పరీక్ష హద్దు కూడా అందరికీ ఒకటే. బీఎస్-4కు ముందు డీజిల్ బండ్లకు 2.45, బీఎస్-4 బండ్లకు 1.62. గడి దాటితే భాష మారదు, నిబంధనా మారదు.

2020 ఏప్రిల్ నుంచి వస్తున్న బీఎస్-6 బండ్లకైతే ప్రయోగాలు అసలే వద్దు. టర్బో తర్వాత మసిని పట్టే ఫిల్టరు, యూరియా నీళ్లు చల్లే ఏర్పాటు, వాటిమీద సెన్సర్లు వరసగా ఉంటాయి. ముందు భాగంలో లీకు పెట్టినా, సైజు మార్చినా లెక్కలన్నీ తప్పుతాయి. ల్యాంపు వెలిగి ఇంజను తనకు తానే బలం తగ్గించుకుంటుంది. లోడు టమాటా అయితే అక్కడే కుళ్లుతుంది.

ఎలా ఎంచుకోవాలి?

బండి పేరు చెప్పి కాదు, ఇంజను నంబరు చెప్పి సామాను అడగాలి. ఒకే మోడలుకు ఏడాదికో ఇంజను మారిన సందర్భాలున్నాయి. పాతదాన్ని పక్కన పెట్టుకుని పొగ రంధ్రాలు, టర్బో కూర్చునే ముఖం, ఈజీఆర్ పైపు, సెన్సర్ల చోట్లు ఒక్కొక్కటే సరిచూసుకోవాలి. స్టీలు స్కేలు నిలబెట్టి ముఖం చదునుగా ఉందో లేదో చూడాలి. పాత గ్యాస్కెట్ మళ్లీ వేయనివ్వొద్దు. సాగిన స్టడ్లు మార్చాలి. బిగింపు మధ్య నుంచి మొదలుపెట్టి రెండు వైపులకూ పోవాలి. అదీ చేతి బలంతో కాదు, కంపెనీ చెప్పిన టార్క్ ప్రకారం.

పాతది ఎందుకు పగిలిందో తెలుసుకోకుండా కొత్తది వేస్తే అదీ పగులుతుంది. టర్బో కింద ఆనింపు పట్టీ విరిగిందా, సైలెన్సరు ముందు మెత్తటి బెల్లోస్ బిగుసుకుపోయిందా, ఎయిర్ ఫిల్టరు మూసుకుపోయిందా, ఇంజెక్టరు ఎక్కువ పోస్తోందా.. ఇవి చూడాలి. ఎత్తు ఎక్కి వచ్చిన ఇంజనును వెంటనే ఆపకుండా రెండు మూడు నిమిషాలు ఐడిల్‌లో ఉంచే అలవాటు చేసుకోవాలి. దీనికి పైసా ఖర్చు లేదు.

మెకానిక్కులకు ఒక మాట. ఏ రకం ఇనుము, ఏ నంబరు సామాను వేశారో బిల్లులో రాసివ్వండి. మంచి సామాను వేసేవాడికి అది మేలే చేస్తుంది. రవాణా శాఖకు ఒక మాట. చిక్కబళ్ళాపురం, చింతామణి ఆఫీసుల్లో నోటీసులు కన్నడంలో ఉండాల్సిందే. బాగేపల్లి, చింతామణి వైపు డ్రైవర్లకు అర్థమయ్యేలా వాటి పక్కన తెలుగులో ఒక కాగితం అంటిస్తే జరిమానాలు వేసే పని కొంత తప్పుతుంది.

హైవే పక్క ఊళ్లలో చంటిపిల్లలున్నారు, పరీక్షలకు చదివే పిల్లలున్నారు, రాత్రి ఆక్సిజన్ పెట్టుకుని పడుకునే ముసలివాళ్లున్నారు. వాళ్లెవరికీ మన లారీ సౌండుతో పనిలేదు. ఓనరుకు కావాల్సింది నాలుగు లీటర్ల మిగులు, డ్రైవరుకు కావాల్సింది నిందపడని జీతం. ఈ రెండూ ఇచ్చేది చప్పుడు చేయని ఆ పోత ఇనుప ముద్దే. వచ్చే ట్రిప్పుకు ముందు ఒకసారి టార్చి వేసి చూడండి.