ఊరితో పెళ్లిచూపులు డిసెంబర్‌లోనే!

మీ కాంటాక్ట్స్‌లో యూరప్ వెళ్లొచ్చిన వాళ్ల ఫొటోలు ఒకసారి తిరగేయండి. దాదాపు అన్నీ మే, జూన్, జూలైలవే. పచ్చటి కొండలు, నీలాల నీళ్లు, రాత్రి తొమ్మిదైనా పోని ఎండ. తిరిగొచ్చేద్దామని వెళ్లేవాళ్లకి అదే మంచి సీజన్, కాదనను. కానీ 'అక్కడే ఉండిపోదామా?' అని చూడ్డానికి వెళ్లేవాళ్లు మాత్రం డిసెంబర్‌లో వెళ్లాలి. పెళ్లిచూపుల్లో అందరూ బాగానే ఉంటారు. పట్టుచీర, వేడి పకోడీ, అందరి ముఖాల్లో నవ్వు. సంసారం సంగతి జ్వరమొచ్చిన రోజునో, గ్యాస్ అయిపోయిన రోజునో తెలుస్తుంది. ఊళ్లూ అంతే.

మాకు ఆ అవసరం పడింది. మా ఆయనకి వాళ్ల కంపెనీ స్టాక్‌హోమ్ ఆఫీసులో పోస్టు ఇస్తామంది. జనవరి నెలాఖరులోగా అవునో కాదో చెప్పాలి. తనది కోడింగ్. లాప్‌టాప్ ఎక్కడ తెరిస్తే అక్కడే ఆఫీసు. నాది అలా కాదు. నేను స్పీచ్ థెరపిస్టుని. మాటలు ఆలస్యమైన పిల్లలతో రోజూ 'అమ్మ', 'అత్త', 'బువ్వ' అని పలికించడమే నా పని. తెలుగు లేని చోట నా డిగ్రీ ఒట్టి కాగితం. ఇటు చూస్తే ఖమ్మంలో అత్తయ్య ఒక్కరే ఉంటారు, మోకాళ్ల నొప్పులతో. అడిగితే 'మీ ఇష్టం నాన్నా' అన్నారు. తెలుగిళ్లలో ఆ మాటకి అర్థమేంటో నేను మీకు చెప్పక్కర్లేదు.

రెండు వారాలు యూట్యూబ్ వీడియోలు చూసి వాదించుకున్నాక నేనే అన్నాను: "చీకటి బాగా ఎక్కువుండే రోజుల్లో వెళ్దాం. అక్కడి జనం తిరిగినట్టే రైళ్లలో, ఓడలో తిరుగుదాం. చూశాకే మాట్లాడుకుందాం." స్టాక్‌హోమ్ ఒక్కటే చూస్తే చాలు కదా అంటారేమో. ఊరు చూడ్డానికి ఐదు రోజులు చాలు. కానీ చూసినదాని గురించి ఇద్దరం తీరిగ్గా మాట్లాడుకోవడానికి ఇంకో నాలుగైదు రోజులు కావాలి. అందుకే రూట్ ఇలా వేశాం: కోపెన్‌హాగన్‌లో విమానం దిగి, రైల్లో స్టాక్‌హోమ్. అక్కడ్నుంచి రాత్రి ఓడలో ఫిన్లాండ్. మళ్లీ రాత్రి రైల్లో ఆర్కిటిక్ వలయం అంచుదాకా.

ముందు వీసా సంగతి. మూడు దేశాలకీ షెంజెన్ వీసా ఒక్కటే చాలు. ఫీజు పెద్దవాళ్లకి 90 యూరోలు, సర్వీస్ చార్జీలు వేరే. కనీసం 30 వేల యూరోల కవర్ ఉన్న ట్రావెల్ ఇన్సూరెన్స్ తప్పనిసరి. ప్రయాణానికి ఆరు నెలల ముందు నుంచి 15 రోజుల ముందు దాకా అప్లై చెయ్యొచ్చు. ఎక్కువ రోజులు ఎక్కడుంటారో ఆ దేశానికే పెట్టుకోవాలి. మాకు స్వీడన్‌లో ఐదు రాత్రులు కాబట్టి స్వీడన్‌కి పెట్టాం.

మూడున్నరకే రాత్రి

కోపెన్‌హాగన్ ఎయిర్‌పోర్ట్ కిందే రైల్వే స్టేషన్ ఉంది. అక్కడ రైలెక్కితే ముందు సముద్రం కింద సుమారు 4 కిలోమీటర్ల సొరంగం. తర్వాత మనుషులు కట్టిన పెబర్‌హోల్మ్ అనే చిన్న దీవి మీద పైకి తేలి, దాదాపు 8 కిలోమీటర్ల వంతెన ఎక్కుతుంది. 2000 సంవత్సరంలో తెరిచిన ఈ ఓరెసుండ్ దారి వల్ల డెన్మార్క్ నుంచి స్వీడన్‌కి వెళ్లడమంటే మియాపూర్ నుంచి ఎల్బీ నగర్ వెళ్లినంత మామూలు విషయమైపోయింది. మాల్మోలో దిగి స్టాక్‌హోమ్ రైలెక్కాం. నాలుగున్నర గంటల ప్రయాణం. మూడున్నరకల్లా సూర్యుడు డ్యూటీ దిగిపోయాడు. ఇక కిటికీలో మా మొహాలే.

కాసేపయ్యాక చీకట్లో ఊళ్లు కనిపించడం మొదలైంది. ప్రతి ఇంటి కిటికీలో ఏడు దీపాలు, మధ్యలోది ఎత్తుగా, త్రికోణంలా పేర్చి ఉన్నాయి. కొన్ని కిటికీల్లో కాగితపు నక్షత్రాలు. క్రిస్మస్‌కి ముందు నాలుగు ఆదివారాల నుంచే పెడతారట. ఎవరూ తెరలు వెయ్యలేదు. దీపం ఇంట్లోవాళ్లకి ఎంతో, రోడ్డు మీద పోయేవాడికీ అంతే. "కార్తీక మాసంలా లేదూ?" అన్నాడు మా ఆయన. ఖమ్మంలో అత్తయ్య తులసికోట దగ్గర పెట్టే దీపం ఇద్దరికీ గుర్తొచ్చింది. ఆ తర్వాత చాలాసేపు ఇద్దరం ఏం మాట్లాడలేదు.

కిస్తాలో అక్క చెప్పిన మాట

డిసెంబర్ మధ్యలో స్టాక్‌హోమ్‌లో సూర్యుడు ఎనిమిదీ నలభైకి వచ్చి, మూడు కాకుండానే వెళ్లిపోతాడు. అదీ మబ్బు లేకపోతే. మాకు ఐదు రోజుల్లో ఎండ కనిపించింది ఒక్క పూటే. మేం మ్యూజియంల జోలికి పోకుండా మెట్రోలో తిరిగాం. ఈ మెట్రోకి 100 స్టేషన్లున్నాయి. వాటిలో 90కి పైగా స్టేషన్లలో బొమ్మలో, శిల్పాలో ఉంటాయి. టీ-సెంట్రాలెన్‌లో గుహలాంటి కప్పు మీద నీలం రంగు తీగలు చూస్తుంటే పైన చీకటి సంగతి కాసేపు మర్చిపోతాం.

ఐటీ ఆఫీసులుండే కిస్తాలో ఓ తెలుగు అక్క భోజనానికి పిలిచింది. నెల్లూరు మనిషి. వచ్చి ఆరేళ్లయింది. పప్పు, బెండకాయ వేపుడు పెడుతూ ఉన్నదున్నట్టు చెప్పింది. పర్సన్ నంబర్ వచ్చేదాకా బ్యాంక్ ఖాతా దగ్గర్నుంచి అన్నీ ఇబ్బందే. అద్దె ఇల్లు క్యూలో దొరకాలంటే ఏళ్లు పడుతుంది, ఈలోపు చేతులు మారిన ఇళ్లలో ఉండాలి. అపార్ట్‌మెంట్ మొత్తానికి వాషింగ్ మెషీన్ల గది ఒకటే ఉంటుంది, స్లాట్ బుక్ చేసుకోవాలి, టైమ్ దాటితే పక్కింటివాళ్ల చీటీ తలుపు మీద ఉంటుంది. మంచీ చెప్పింది. బిడ్డ పుడితే తల్లిదండ్రులిద్దరికీ కలిపి 480 రోజుల సెలవు. వాళ్లాయన నెలల తరబడి ఇంట్లో ఉండి బాబుని పెంచాడట. స్వీడిష్ క్లాసులు ఉచితం.

"మొదటి చలికాలం ఏడ్చాను. చలికి కాదమ్మా, చప్పుడు లేక. లిఫ్ట్‌లో కూడా ఎవరూ పలకరించరు," అంది. నేను నా ఉద్యోగం సంగతి చెప్పాను. అక్క నవ్వింది. "మాటల డాక్టరువి కదా. ఇక్కడ కొన్నాళ్లు నువ్వే పేషెంటువి. అప్పుడు నీ దగ్గరికొచ్చే పిల్లలు నీకు ఇంకా బాగా అర్థమవుతారు."

మర్నాడు డిసెంబర్ 13, లూసియా పండగ. పొద్దున చీకట్లోనే తెల్ల గౌన్లు వేసుకున్న పిల్లలు, ముందు నడిచే అమ్మాయి తల మీద దీపాల కిరీటం, పాటలు. తర్వాత కుంకుమపువ్వు వేసిన బన్ను కొనడానికి వెళ్లి, ఫోన్‌లో నేర్చుకున్న రెండు స్వీడిష్ ముక్కలు పలికాను. కౌంటర్ దగ్గరున్న అమ్మాయి వెంటనే చక్కటి ఇంగ్లిష్‌లోకి మారిపోయింది. మర్యాద కోసమే. నాకు మాత్రం గుండె ఝల్లుమంది. నా క్లినిక్‌కి వచ్చే తల్లులకి రోజూ చెప్పేది ఇదే: "మీరు అందించేయకండమ్మా. ఆలస్యమైనా సరే, మాట వాడి నోట్లోంచే రానివ్వండి." ఇక్కడ ఊరంతా ప్రేమగా అందించేస్తుంటే నాకు మాట ఎప్పటికి వస్తుంది?

కిటికీ లేని క్యాబిన్

స్టాక్‌హోమ్ నుంచి ఫిన్లాండ్‌లోని తుర్కుకి ఓడ సాయంత్రం బయల్దేరి పొద్దున్నే చేరుతుంది. క్రూయిజ్ అంటే సినిమాల్లో చూపించే కోటీశ్వరుల వ్యవహారం కాదు. ఇది అక్కడి జనానికి రాత్రి బస్సు లాంటిది. కిందేమో లారీలు, కార్లు. పైన అంతస్తుల్లో బఫే, డాన్స్ ఫ్లోర్, కరోకే, షాపులు. దిగకుండా అటునుంచి అటే వెనక్కొచ్చే సరదా ప్రయాణికులూ ఉంటారు. దారిలో ఆలండ్ దీవుల దగ్గర ఓడ కాసేపు ఆగుతుంది. దానికో లెక్కుంది. ఆలండ్ ఫిన్లాండ్‌దే అయినా యూరోపియన్ యూనియన్ పన్నుల పరిధిలోకి రాదు. అక్కడ ఆగి వెళ్తే ఓడలో సరుకులు డ్యూటీ ఫ్రీగా అమ్ముకోవచ్చు. మేం కిటికీ లేని చిన్న క్యాబిన్ తీసుకున్నాం. స్టాక్‌హోమ్‌లో ఒక రాత్రి హోటల్ కంటే తక్కువకే వచ్చింది.

అసలు మాట ఆ క్యాబిన్‌లోనే బయటికొచ్చింది. "నువ్వు రానంటే నేనూ వెళ్లను," అన్నాడు మా ఆయన. వినడానికి ఎంత బాగుంది! నాకు ఒళ్లు మండింది. "అంటే, వద్దంటే నీ కెరీర్ ఆపినదాన్ని నేను. సరేనంటే నా కెరీర్ ఆపుకున్నదాన్నీ నేనే. రెండు వైపులా నా పేరే రాశావు. నీకేం కావాలో అది చెప్పు." సిగ్నల్ లేదు, టీవీ లేదు, లేచి వెళ్లడానికి ఇంకో గది లేదు. చాలాసేపు ఇంజిన్ చప్పుడే.

నిద్ర పట్టక అర్ధరాత్రి దాటాక డెక్ మీదకి వెళ్లాం. ఓడ ఆలండ్ రేవులో ఆగింది. నలుగురైదుగురు బ్యాగులు లాక్కుంటూ మంచులోకి దిగారు. అంతే, ఓడ మళ్లీ కదిలింది. అప్పుడన్నాడు: "నాకు ఇష్టమో కాదో నేనే ఆలోచించుకోలేదు. ఆఫర్ వస్తే తీసుకోవాలి, అంతే. ఇంటర్ నుంచి అదే కదా నేర్పారు. కిస్తా చూశాక భయమేస్తోంది. కానీ వెళ్లాలనే ఉంది." పెళ్లయిన మూడేళ్లలో తన నోటి నుంచి భయమనే మాట వినడం అదే మొదలు. నేను అందించలేదు. దానంతట అదే వచ్చింది.

మంచులో రైలు

తుర్కు నుంచి హెల్సింకీకి రైల్లో రెండు గంటలు. హెల్సింకీలో జనం కోట్లకి, బ్యాగులకి చిన్న రిఫ్లెక్టర్లు వేలాడేసుకుని తిరుగుతారు. చీకట్లో నడిచేవాళ్లు అవి పెట్టుకోవాలని అక్కడి రోడ్డు చట్టమే చెబుతోంది. పది అడుగుల దూరంలో మనిషి కనిపించకపోయినా ఆ మెరుపు కనిపిస్తుంది. చీకటిని తిట్టుకుంటూ కూర్చోకుండా దానికో ఏర్పాటు చేసుకున్నారన్నమాట.

రాత్రి రైలు రోవనియెమికి దాదాపు 12 గంటలు. రెండంతస్తుల స్లీపర్ బోగీలు, పై అంతస్తు క్యాబిన్లలో షవర్ కూడా. కార్లని కూడా ఇదే రైలుకి ఎక్కించుకుని వెళ్తారు. రైలు పిచ్చి ఉన్నవాళ్లకి ఒక ముచ్చట: స్వీడన్ పట్టాల మధ్య వెడల్పు 1,435 మిల్లీమీటర్లు, ఫిన్లాండ్‌ది 1,524. రష్యన్ చక్రవర్తుల పాలనలో 1862లో తొలి రైలు నడిచింది కాబట్టి ఆ కొలతే మిగిలింది. మన బ్రాడ్‌గేజ్ రెండింటికంటే పెద్దది, 1,676.

రోవనియెమిలో మైనస్ 22. పదకొండుకి వచ్చిన సూర్యుడు ఒకటిన్నర లోపే వెళ్లిపోయాడు. మిగతా పగలంతా నీలం రంగు వెలుతురు. ఫొటో తీద్దామని ఫోన్ బయటికి తీస్తే 60 శాతం చార్జింగ్‌తోనే ఆరిపోయింది. ఆ చలికి బ్యాటరీలు అంతే. లోపలి జేబులో ఒంటికి ఆనించి పెట్టుకోండి, పవర్ బ్యాంక్‌ని కూడా. ఒంటికి థర్మల్, మీద ఫ్లీస్, పైన గాలి దూరని జాకెట్. లావు స్వెట్టర్ ఒకటి కంటే ఇలా పొరలు పొరలుగా వేసుకోవడం మేలు. జాకెట్ కంటే బూట్ల మీద ఎక్కువ ఖర్చు పెట్టండి. నార్తర్న్ లైట్స్ కనిపించలేదు. రెండు రాత్రులూ మబ్బే. బాధ పడలేదు, ఆవిరి గదిలో కూర్చున్నాం. 56 లక్షల జనాభాకి సుమారు 30 లక్షల సౌనాలున్న దేశమది.

తిరిగొచ్చాక ఇద్దరం కూర్చుని జవాబు రాశాం. వస్తాం, కానీ వెంటనే కాదు, ఆగస్టులో. ఈలోపు నేను ఆన్‌లైన్‌లో స్వీడిష్ నేర్చుకోవాలి, నా దగ్గరున్న పిల్లల్ని మధ్యలో వదలకుండా ఒక దరికి చేర్చాలి. కిస్తా అక్క కొడుకు స్వీడిష్ గలగలా మాట్లాడతాడు, నెల్లూరు అమ్మమ్మతో ఫోన్‌లో మాత్రం నోరు విప్పడు. అలాంటి పిల్లలకి నా తెలుగు ఎంత పనికొస్తుందో కనుక్కోవాలి. ఇంట్లో ఒప్పందం: రెండు చలికాలాలు. రెండోది అయ్యాక మళ్లీ కూర్చుంటాం. ఇద్దరిలో ఎవరు వద్దన్నా కారణం అడక్కుండా వెనక్కి రావాలి. అత్తయ్యకి ఇవన్నీ చెబితే ఈసారి 'మీ ఇష్టం' అనలేదు. "ఆ దీపాలు నేనూ చూస్తాను, నన్నూ డిసెంబర్‌లోనే తీసుకెళ్లండి," అన్నారు.

ఆగస్టు దాకా ఆగుతారో లేదో కంపెనీ నుంచి ఇంకా జవాబు రాలేదు. ఆగకపోతే ఏం చెయ్యాలో కూడా మాట్లాడేసుకున్నాం కాబట్టి రాత్రి నిద్ర పడుతోంది. మీలో ఎవరి చేతిలోనైనా ఇలాంటి ఆఫర్ లెటర్ ఉంటే, సంతకం పెట్టేముందు ఆ ఊరిని చీకట్లో ఒకసారి చూసి రండి. అంత ఖర్చు కుదరదంటే, అక్కడ ఒక చలికాలం గడిపిన మనవాళ్లకి ఫోన్ చేసి నవంబర్ నుంచి ఫిబ్రవరి దాకా ఎలా గడిచిందో అడగండి. జూన్ సంగతి వాళ్లు అడక్కుండానే చెబుతారు.